ఇద్దరిలోనూ ఏ భాగమూ మార్చలేదు

2, శనివారం

నాన్న బోర్డు రాయించుకొచ్చాడు. పసుపు రేకు మీద ఎర్ర అక్షరాలు. ఇరవై నాలుగో తారీఖు పాత బళ్ళ ప్రదర్శనలో మా బండి ముందు నిలబెడతాడట.

"నాకు అరవై. నా బండికి అరవై. ఇద్దరిలోనూ ఏ భాగమూ మార్చలేదు."

అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చి చదివింది. మరి ఆ రెండు పళ్ళ సంగతేమిటని అడిగింది. పళ్ళు మార్చలేదనీ, పైన తొడుగులు వేయించుకున్నాననీ, తొడుగుకీ మార్పుకీ చాలా తేడా ఉందనీ నాన్న చెప్పాడు. చెప్పేటప్పుడు మాత్రం నోరు పెద్దగా తెరవలేదు.

తాతయ్య ఆ మోటార్ సైకిల్ కొన్న ఏడే తను పుట్టానని నాన్న నమ్మకం. 'నేనూ బండీ కవలలం' అనే మాట వినని మనిషి మా వీధిలో లేడు. రిజిస్ట్రేషన్ కాగితంలో మాత్రం ఆ తర్వాతి ఏడు ఉంటుంది. అదేమిటంటే ఆ రోజుల్లో ఆఫీసుల్లో ఆలస్యం అంటాడు. అంటే తాతయ్య ఏడాదిపాటు కాగితాల్లేకుండా తిరిగాడా అని పదేళ్ళప్పుడు అడిగాను. ఆ వారమంతా నన్ను బండెక్కించుకోలేదు.

నేను ఉద్యోగం మానేసి ఏడు వారాలైంది. ఇంట్లో నా పేరు ఇప్పుడు 'ఖాళీగా ఉందిగా'. ఖాళీగా ఉందిగా, కరెంటాయన వస్తే తలుపు తీస్తుంది. ఖాళీగా ఉందిగా, బీరువా సర్దుతుంది. నిజంగా ఖాళీగా ఉండడానికి పొద్దున్నుంచీ పది నిమిషాలు దొరకలేదు.

3, ఆదివారం

పళ్ళ డాక్టరు వచ్చాడు. నాన్నకి తొడుగులు వేసింది ఈయనే. పాత బళ్ళ సంఘానికి కార్యదర్శి కూడా ఈయనే కాబట్టి 'ఉన్నదున్నట్టు' వరసలో నిలబడే బళ్ళను ముందుగా పరీక్షించే పని ఆయన మీద పడింది. పడిందని ఆయన అంటాడు. చూస్తే ఎగిరి పట్టుకున్నట్టే ఉంది.

ఫ్రేము నంబరు చూశాడు. దీపం చూశాడు. తర్వాత జేబులోంచి పళ్ళు చూసే చిన్న అద్దం తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, కార్బురేటర్ పక్కకి పోనిచ్చాడు. ఆ బండి నోరు తెరుస్తుందేమో అనిపించింది నాకు.

అద్దంలో నంబరు తిరగబడి కనిపిస్తే మనసులోనే తిప్పుకుని చదివాడు. నూట పద్దెనిమిది. సంచిలోంచి పుస్తకం తీశాడు. మేం చెప్పిన ఏటికి కంపెనీ వేసిన విడిభాగాల పట్టిక అది. అందులో నూట పన్నెండు అని ఉంది.

"పళ్ళ సంగతి నేను చూసీ చూడనట్టు ఊరుకుంటానండీ, అది మనిద్దరి మధ్య విషయం. ఇది సంఘం మధ్య విషయం."

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మళ్ళీ వస్తాడట. నూట పన్నెండు కనబడకపోతే బండి 'మార్పులు చేసినవి' వరసలోకి పోతుంది. అంటే పాటలు పాడే హారను పెట్టించుకున్నాయన పక్కన. బోర్డు ఇంటికి.

నాన్న వాదించలేదు. పేపరులో వాతావరణం వార్తతో కూడా వాదించే మనిషి. చూద్దాం లెండి అని లోపలికెళ్ళి పడుకున్నాడు. అన్నం తినలేదు.

నాలుగేళ్ళ కిందటి సంగతి ఇక్కడ రాయను. దానికీ దీనికీ సంబంధం లేకపోవచ్చు.

4, సోమవారం

సంబంధం ఉంది.

5, మంగళవారం

సరే, రాసేస్తాను. నేను తప్ప ఎవరు చదువుతారు.

కాలేజీలో రెండో ఏడు. అమ్మానాన్నా రెండు రోజులు ఊరెళ్ళారు. బండి తాళం ఎక్కడుంటుందో నాకు తెలుసు. కాలేజీలో ఒకడికి చూపిద్దామని వేసుకెళ్ళాను. వాడి పేరు రాసి సిరా దండగ చేయను. వాడు బండి చూసి, 'సౌండెక్కువ' అన్నాడు. ఆ మంటలో తిరిగొస్తూ గేటు దగ్గర పడేశాను. నాకు మోచెయ్యి గీసుకుంది. బండికి కార్బురేటర్ పగిలింది.

తోసుకుంటూ మెకానిక్ తాత దగ్గరికి తీసుకెళ్ళాను. తాతయ్య కాలం నుంచీ ఈ బండిని చూస్తున్నది ఆయనే. నేను ఏడుస్తుంటే ఆయన బండి చూసి నవ్వాడు. బల్ల కింద చెక్కపెట్టెలోంచి ఇంకో కార్బురేటర్ తీసి గంటలో బిగించాడు. "మీ నాన్నకి నేను చెప్పను, నువ్వూ చెప్పకు అమ్మడూ" అన్నాడు. ఎందుకు నవ్వాడో నేను అడగలేదు. ఏడుస్తున్నవాళ్ళు ఎదుటివాళ్ళ నవ్వుకి కారణాలు వెతకరు.

కాబట్టి తాతయ్య కాలం నాటి అసలు కార్బురేటర్‌ని పగలగొట్టింది నేను. నాన్న నాలుగేళ్ళుగా, తెలీకుండానే, ఊరందరికీ అబద్ధం చెబుతున్నాడు. ఆ అబద్ధం నాది.

ఇంకో సంగతి. నాన్న ప్రతి ఆదివారం బండంతా తుడుస్తాడు. ట్యాంకు, చక్రాల పుల్లలు, అద్దం వెనక కూడా. కార్బురేటర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి పక్కకి తిరుగుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. దాని మీద అంత గౌరవం ఆయనకి.

6, బుధవారం

నూట పన్నెండు వెతికి తెస్తాను. నాన్నకి తెలిసేలోగా బిగించేస్తాను. అంతే.

పొద్దున్నుంచీ కంప్యూటర్ ముందే. ఈ కార్బురేటర్లన్నీ ఒక తల్లి బిడ్డల్లా ఉంటాయి. బయటికి ఒకటే ఆకారం, రెండు చెవులు, చెవికో నట్టు. తేడా అంతా లోపలి గొట్టం కొలతలో, పెట్రోలు వచ్చే సన్నటి కంతలో, అంటే జెట్టులో. పక్కన కొట్టిన నంబరే దాని జాతకం. నకిలీలూ ఉన్నాయి. వాటిని పట్టే గుర్తు చెప్పారు. కంపెనీలో మనుషులు సుత్తితో ఒక్కో అంకే కొట్టేవాళ్ళట, అందుకని అసలువాటిలో అంకెలు వంకర. తిన్నగా ఉంటే అనుమానించాలి.

ప్రపంచం మొత్తం మీద ఓ నలభై మంది ముసలాళ్ళు ఈ ఒక్క విషయం మీదే పదిహేనేళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. అన్నీ చదివాను. ఉద్యోగం మానేశాక ఇంత సంతోషంగా ఒక్క పగలూ గడవలేదు. పశ్చాత్తాపం మధ్యలో సంతోషపడొచ్చో లేదో తెలీదు.

8, శుక్రవారం

నాన్న పొద్దున్నే నడకకి వెళ్తున్నాడు. వీధి చివర పేపరుకి కూడా బండేసుకుని వెళ్ళే మనిషి. కొత్త టోపీ ఒకటి కొన్నాడు. రెండు గంటల తర్వాత వస్తే చెమట ఉండదు, గోళ్ళలో మడ్డి ఉంటుంది.

షుగరొచ్చి దాస్తున్నాడని అమ్మ అనుమానం. మెకానిక్ తాత దగ్గర నా గురించి కూపీ లాగుతున్నాడని నా అనుమానం. చూసొచ్చాను. షాపుకి తాళం. కూతురింటికెళ్ళాడనీ, ఇరవయ్యో తారీఖుకి గానీ రాడనీ పక్క టైర్లాయన చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది.

9, శనివారం

నాన్న నాతో మాట్లాడేటప్పుడు మొహం చూడడం లేదు. నేనూ చూడడం లేదు. ఉప్పందించుకునేటప్పుడు ఇబ్బందిగా ఉంది.

11, సోమవారం

పాత సామాన్ల వీధిలో, చివరి నుంచి మూడో షాపు. అక్కడ రెండు కళ్ళజోళ్ళాయన ఉంటాడు. ఒకటి ముక్కు మీద, ఒకటి నుదుటి మీద. నేలనుంచి కప్పు దాకా అరలు. నూట పన్నెండు కావాలన్నాను. కళ్ళజోళ్ళు రెండూ మార్చుకుని నన్ను చూశాడు.

"ఒక్కటుంది. కానీ ఇంకో పెద్దమనిషి కూడా అదే అడిగాడమ్మా. బుధవారం వస్తానన్నాడు."

ఆయనెలా ఉంటాడంటే, టోపీ పెట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు ఉంటాడట. ఇంకెవరు, పళ్ళ డాక్టరు. మాకు దొరక్కుండా ముందే కొనేయాలని చూస్తున్నాడు. అద్దం పెట్టి చూసినప్పుడే అనుకున్నాను.

రెండు కళ్ళజోళ్ళాయన దేన్నీ డబ్బుకి ఇవ్వడు. మారకం మాత్రమే. ఒకటి తెచ్చి ఒకటి పట్టుకెళ్ళాలి. అరలో ఖాళీ కనిపిస్తే ఆయనకి ముద్ద దిగదట. ఏం తేవాలంటే, ఏ కార్బురేటరైనా పర్లేదన్నాడు.

ఏ కార్బురేటరైనా. మా బండికున్న ఆ దొంగ నూట పద్దెనిమిది ఉండనే ఉంది.

12, మంగళవారం

నాన్న నడకకి వెళ్ళగానే షెడ్డులో దూరాను. పెట్రోలు ట్యాపు కట్టేశాను. రెండు నట్లు, ఒక గొట్టం, పైన మూత. పద్నాలుగు నిమిషాలు. ముసలాళ్ళు ఇరవై అన్నారు.

చేతిలోకొచ్చాక చూస్తే దాని కింద వైపు ఒక చెవికి చిన్న ఇత్తడి పట్టీ, రెండు రివెట్లు. విరిగిన చెవిని అతికించారు. ఈ అతుకుల సరుకునా నేను నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఉండనిచ్చింది. మెకానిక్ తాత మీద కోపమొచ్చింది.

పరుగెత్తుకెళ్ళి ఇచ్చేసి, నూట పన్నెండు తెచ్చుకున్నాను. అంకెలు ముద్దొచ్చేంత వంకర. నాన్న వచ్చేలోగా బిగించేశాను. కాళ్ళు కడుక్కుంటుంటే చూసుకున్నాను, ఒక కాలికి నీలం చెప్పు, ఒక కాలికి అమ్మ చెప్పు.

గెలిచాను.

13, బుధవారం

నాన్న నడక నుంచి ఆలస్యంగా వచ్చాడు. చేతిలో లంచ్ బాక్సు. నడకకి లంచ్ బాక్సెందుకని అమ్మ అడిగితే, ఎందుకైనా మంచిదని, అన్నాడు. దాన్ని వంటింట్లో పెట్టకుండా తన బీరువాలో పెట్టి తాళం వేశాడు.

తర్వాత గుమ్మం దగ్గర నా చెప్పుల వంక చాలాసేపు చూశాడు.

14, గురువారం

"చెప్పులు బాగున్నాయి తల్లీ" అన్నాడు, ఏ సందర్భమూ లేకుండానే. పది రోజుల తర్వాత నా మొహం చూసి మాట్లాడిన మొదటి మాట. కొత్తవి కావు. పెద్దవాడైపోతున్నాడు పాపం.

15, శుక్రవారం

నాన్న రిజిస్ట్రేషన్ కాగితాన్ని భూతద్దం పెట్టి చూస్తున్నాడు. నేను వెళ్ళగానే పేపరు కింద పెట్టేశాడు. పేపరు తలకిందులుగా ఉంది.

17, ఆదివారం

డాక్టరు వచ్చాడు. అద్దం. నూట పన్నెండు. పుస్తకం. నూట పన్నెండు. ఎక్కడిదండీ ఇది అని అడిగాడు, ఏమీ తెలీనట్టు. ఈయన నటన చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఇంట్లోనే ఉంది" అన్నాడు నాన్న, నా వైపు చూసి.

డాక్టరు సంతకం పెట్టాడు. 'ఉన్నదున్నట్టు' వరస, అయిదో నంబరు స్థలం. బోర్డు నిలబెట్టుకోవచ్చు.

అందరం సంతోషించాలి. డాక్టరు వెళ్ళాక నాన్న కిక్ కొట్టాడు. ఏడు సార్లు. ఎనిమిదోసారి లేచి, నల్లగా పొగ వదిలి, క్షయ రోగిలా దగ్గింది. నాన్న ఆపేసి, సీటు మీద చెయ్యేసి నిలబడ్డాడు. కొత్త కదా, అలవాటు పడుతుంది అని నేను అనబోయి, 'కొత్త' దగ్గర నాలిక కరుచుకున్నాను.

18, సోమవారం

జెట్టు తీసి ఊదాను. దగ్గు.

19, మంగళవారం

లోపల పెట్రోలు మట్టం చూసే ఫ్లోటు సరిచేశాను. దగ్గు. ముసలాళ్ళని అడిగాను. నలభై మందీ నలభై కారణాలు చెప్పారు, చెప్పి మళ్ళీ తిట్టుకున్నారు. ఒకాయన మాత్రం, ముందు ఇంజను నంబరు మొదటి అక్షరం చూసుకోండి అన్నాడు. ఆయన్నెవరూ పట్టించుకోలేదు. నేనూ.

20, బుధవారం

మెకానిక్ తాత వచ్చాడు. వెళ్ళి మొత్తం చెప్పాను, కాస్త గొప్పగానే. పద్నాలుగు నిమిషాల సంగతి రెండుసార్లు చెప్పాను. అతుకుల సరుకు అంటగట్టాడని నిలదీశాను కూడా.

ఆయన షట్టరు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి స్టూలు మీద కూర్చున్నాడు.

"నువ్వు ఇచ్చేసిందే అసలుది అమ్మడూ."

పాతికేళ్ళ కిందట, నేను పుట్టకముందు, నాన్న అమ్మకి బండి నేర్పాడట. అమ్మ తిన్నగా పోయి గోడకి గుద్దింది. కార్బురేటర్ చెవి విరిగింది. తాతయ్యకి తెలిస్తే చంపుతాడని నాన్న ఈయన దగ్గరికొచ్చి, నేను కూర్చున్న ఇదే స్టూలు మీద కూర్చుని, దాదాపు ఏడ్చాడు. ఈయన పెట్టెలోంచి ఇంకోటి తీసి బిగించి, విరిగినది తుక్కులో వేశానని చెప్పాడు. వేయలేదు. అసలు వస్తువు పారేయడానికి చేతులు రాక, తీరిగ్గా ఇత్తడి పట్టీ వేసి పెట్టెలో దాచాడు. ఇరవై ఏళ్ళు పోయాక నేను రెండోదాన్ని పగలగొట్టి వస్తే, మొదటిదాన్నే మళ్ళీ ఎక్కించాడు. అప్పటి నవ్వు అదీ.

మరి పుస్తకంలో నూట పన్నెండు అని ఉందిగా అన్నాను. పుస్తకం తప్పు కాదట, మేం చెప్పిన ఏడు తప్పట. ఏ ఏటి బండో ఇంజను నంబరు మొదటి అక్షరమే చెబుతుంది. బండి నాన్నకంటే ఏడాది చిన్నది. ఆ ఏడాది బళ్ళకి వేసింది నూట పద్దెనిమిదే.

"ఇన్నేళ్ళూ నాన్నకెందుకు చెప్పలేదు తాతా?"

"కవల పిల్లాడు లేడని మొహం మీద ఎలా చెప్పను?"

21, గురువారం

రెండు కళ్ళజోళ్ళాయన దగ్గరికి పరుగెత్తాను. అర నిండుగానే ఉంది. నూట పద్దెనిమిది ఉన్న చోట స్కూటరు కార్బురేటర్ ఒకటి కూర్చుంది. ఎప్పుడూ మా షెడ్డు మూల పడుండేది, మా పాత స్కూటరుది.

ఎప్పుడు పట్టుకెళ్ళారంటే, పోయిన వారం బుధవారమే, ఆ టోపీ ఆయన, అన్నాడు. నూట పన్నెండు పోయిందంటే దిగాలు పడ్డాడట. వెళ్ళబోతూ అరలో నూట పద్దెనిమిదినీ, దాని చెవికున్న ఇత్తడి పట్టీనీ చూసి ఆగిపోయాడట. అప్పుడు విరిగింది ఈ చెవే అని గొణుక్కున్నాడట. ఇదెవరిచ్చారని అడిగాడట.

"రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు, ఒకటి నీలం, వేసుకున్న అమ్మాయి అన్నాను. కూలబడి మంచినీళ్ళడిగాడు పాపం."

నడక. టోపీ. గోళ్ళలో మడ్డి. లంచ్ బాక్సు. 'చెప్పులు బాగున్నాయి తల్లీ.' ఇంత చదువూ చదివి, చుట్టూ ఇంత గమనించి, రోజూ రాసి పెట్టుకుని కూడా.

పళ్ళ డాక్టరుకి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. పైకి చెప్పను.

22, శుక్రవారం

మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళాను. నాన్న అక్కడే ఉన్నాడు. లంచ్ బాక్సు తెరిచి బండి సీటు మీద పెట్టుకున్నాడు. పాత బనీను గుడ్డలో, పుట్టిన బిడ్డలా, నూట పద్దెనిమిది.

ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం, ఒకేసారి ఆగాం. చివరికి నేనే ముందు చెప్పాను. గేటు, మోచెయ్యి, అన్నీ. వాడి సంగతి తప్ప. నాన్న విని, తనది చెప్పాడు. తాతయ్య పోయేదాకా ఆయన ముందు కార్బురేటర్ వైపు చూడలేకపోయేవాడట. పోయాక కూడా చెయ్యి రాలేదట. నేను గౌరవమనుకున్నది సిగ్గు.

గుమ్మంలో అమ్మ. ఎప్పుడొచ్చిందో.

"గోడకి గుద్దింది నేనని పాతికేళ్ళుగా నెత్తిన వేసుకు తిరుగుతున్నాను. బ్రేకు నొక్కమనాల్సింది పోయి క్లచ్చని అరిచింది మీరు" అని, టీ గ్లాసులు పెట్టి వెళ్ళిపోయింది. నాన్న గబగబా టీ గ్లాసందుకున్నాడు. అంటే నిజమే.

గ్లాసు ఖాళీ అయ్యాక నాన్న అన్నాడు, పన్నెండుకి డాక్టరు సంతకం పెట్టేశాడు, అదే ఉంటే బోర్డు కూడా ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలీదు అని. పద్దెనిమిది పెడితే నిజమైన బండి ఉంటుంది, కవల పోతుంది. ఇన్నేళ్ళుగా చెబుతున్న మాట. మొహం చూస్తే పన్నెండు అనాలనిపించింది నాకు.

"ముందు బిగించి చూద్దాం నాన్నా" అన్నాను.

నేను విప్పాను, ఆయన నట్లు పట్టుకున్నాడు. పన్నెండు నిమిషాలు. కిక్ నన్ను కొట్టమన్నాడు. ఒక్కటే. బండి లేచి, పొగ లేకుండా, నిమ్మళంగా మాట్లాడుకుంటున్నట్టు తిరిగింది. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు.

"వీడి గొంతు ఇదే" అన్నాడు.

లోపలికెళ్ళి ఎర్ర రంగు డబ్బా ఎక్కడుందని అమ్మని అడిగాడు.

24, ఆదివారం

అయిదో నంబరు స్థలంలో డాక్టరు అద్దం పెట్టి చూసి, మళ్ళీ చూసి, అద్దం తుడుచుకుని చూశాడు. నూట పద్దెనిమిది. చుట్టూ సంఘం వాళ్ళు ఓ ఇరవై మంది. నాన్న గొంతు సవరించుకుని, బండి వయసు తను చెప్పినంత కాదనీ, ఇన్నాళ్ళూ చెప్పింది తప్పనీ, ఇంజను నంబరు మొదటి అక్షరం చూసుకోమనీ అన్నాడు. విరిగిన చెవి సంగతి కూడా చెప్పాడు. గుద్దింది తనే అన్నాడు. పక్కన అమ్మ చీర కొంగు సర్దుకుంది.

డాక్టరు సంచిలోంచి తర్వాతి ఏటి పుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు. నూట పద్దెనిమిది. ఎవరో వెనకనుంచి, అతుకు వేసిన భాగం ఉన్నదున్నట్టు ఎలా అవుతుందని లేవదీశారు. పాటల హారనాయన.

"అతుకు వేరు, మార్పు వేరు. అవి రెండూ ఒకటైతే నేను క్లినిక్ మూసుకోవాలి" అన్నాడు డాక్టరు, నాన్న నోటి వైపు ఒక్కసారి చూసి. మళ్ళీ సంతకం పెట్టాడు.

అప్పుడు నాన్న బోర్డు మీది గుడ్డ తీశాడు. పసుపు రేకు మీద పాత అక్షరాలు కొన్ని కొట్టేసి, కొన్ని ఇరికించి, నాన్న సొంత చేతిరాత. అంకెలు వంకరగా ఉన్నాయి.

"నాకు అరవై. మా తమ్ముడికి యాభై తొమ్మిది. నా పళ్ళకి తొడుగులు, వాడి చెవికి పట్టీ ఉన్నాయి. ఇద్దరిలోనూ ఏ భాగమూ మార్చలేదు."

25, సోమవారం

ఇకనుంచి ఆదివారాలు బండి తుడిచే పని నాదట. కార్బురేటర్ దగ్గర మొదలుపెట్టమన్నాడు.

నూట పన్నెండు తిరిగి ఇచ్చేసి, మా స్కూటరుది తెచ్చుకోవడానికి వెళ్ళాను. రెండు కళ్ళజోళ్ళాయన ముందు నా కాళ్ళ వంక చూశాడు, రెండూ ఒకటే. ఈ అరలన్నిటిలో ఏ నంబరు ఎక్కడుందో తనకే గుర్తుండడం లేదనీ, అసలేదో నకిలీ ఏదో చూసి రాసి పెట్టే మనిషి కావాలనీ అన్నాడు. ఖాళీగా ఉన్నావా అమ్మా అని అడిగాడు.

లేనని చెప్పాను. ఎప్పటినుంచి రమ్మంటారని అడిగాను.